ఆ ముప్పై మైళ్ల కథలో చెప్పని సంగతులు

మా కాలేజీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక ఫొటో తిరిగింది. 1967 మే 25న లిస్బన్‌లో యూరోపియన్ కప్, అంటే యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద కప్పు, గెలిచిన స్కాట్లాండ్ జట్టు సెల్టిక్ ఫొటో. కింద నాలుగు లైన్లు. పదకొండుమందీ గ్లాస్గోలోని సెల్టిక్ పార్కుకు ముప్పై మైళ్ల లోపు పుట్టినవాళ్లేనట. బయటినుంచి ఒక్కణ్నీ కొనుక్కోకుండా, డబ్బున్న ఇంటర్ మిలాన్‌ను ఓడించారట. టాలెంట్ ఎవరి మట్టిలో వాళ్లకు ఉంటుంది, నమ్మడమే తరువాయి అని ముక్తాయింపు.

నేను దాన్ని మా చిన్నమామకు పంపాను. ఆయన సికింద్రాబాద్‌లో రైల్వే కాలనీలో పుట్టి పెరిగాడు. డెబ్బై ఐదు దాటాయి. కుర్రతనంలో ఫుట్‌బాల్ తప్ప ఇంకో ధ్యాస లేనివాడు. సందేశం గురించి ఏమీ అనకుండా, "గా మ్యాచ్ పూరా దొరుకుతదా అల్లుడా? దొరికితే తీస్కరా, కూసోని సూద్దాం" అన్నాడు. ఆదివారం లాప్‌టాప్ పట్టుకెళ్లాను. పాత నలుపు తెలుపు రికార్డింగు, తొంభై నిమిషాలూ చూశాం. మధ్యలో ఆపి, వెనక్కి తిప్పి చూసినవి కలుపుకుంటే మూడు గంటలు పట్టింది.

ఆ మూడు గంటల తర్వాత నాకు ఆ సందేశం మీద గట్టి అభ్యంతరం ఏర్పడింది. పుట్టిన ఊళ్ల లెక్క నిజమే. లెన్నాక్స్ ఒక్కడిది సముద్రం ఒడ్డున ఉన్న సాల్ట్‌కోట్స్, అదే ముప్పై మైళ్ల దూరం. మిగతావాళ్లు ఇంకా దగ్గర. మన లెక్కలో లాల్ బహదూర్ స్టేడియం నుంచి భువనగిరి దాకా గీత గీసి, అందులోంచి పదకొండుమందిని ఏరి యూరప్ గెలిచినట్టు. అంత చిన్న గీతలోంచి వచ్చి ఆ కప్పు ఎత్తిన జట్టు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ గెలుపును మట్టి మహిమగా చెప్పడం ఆ మనుషులు పడ్డ కష్టాన్ని తుడిచేయడమే. మనలాంటి చోట్ల ఆ మాట ఇంకా చెడు చేస్తుంది. ఏ పనీ చేయకుండా కూర్చోవడానికి అది మంచి సాకు.

బంతి లేనివాణ్ని చూడు

ఏడో నిమిషంలోనే సెల్టిక్ ఆటగాడు క్రెయిగ్ పెనాల్టీ బాక్సులో ఇంటర్ ఆటగాడు కాపెల్లీనిని పడగొట్టాడు. మాట్సోలా పెనాల్టీని గోల్ చేశాడు. మేనేజర్ హెరేరా నడిపే ఇంటర్‌కు ఇంకేం కావాలి? ఒక్క గోల్ ఆధిక్యం దొరికితే తలుపులు మూసి గడియ పెట్టుకోవడంలో వాళ్లను మించినవాళ్లు అప్పట్లో లేరు. 1964లోనూ 1965లోనూ ఆ కప్పు వాళ్లదే.

అక్కణ్నుంచి మ్యాచ్ అంతా ఒకవైపే. ఆల్డ్ కొట్టింది క్రాస్‌బార్‌కు తగిలింది, గెమ్మెల్ కొట్టిందీ తగిలింది. గోల్‌కీపర్ సార్తి ఆపినవాటికి లెక్క లేదు. నేను బంతి వెంట కళ్లు తిప్పుతున్నాను. మామ నా మోచేయి తట్టాడు. "బంతి ఉన్నోణ్ని సూడకు. లేనోణ్ని సూడు."

బల్ల మీద పేపర్లో వేయించిన పల్లీలు ఉన్నాయి. వాటిలోంచి నాలుగు తీసి పక్కకు పెట్టాడు. ఒకటి జిమ్మీ జాన్‌స్టన్, కుడి గీత పక్కన ముందు ఆడే వింగర్. ఇంకోటి అతణ్ని నీడలా పట్టుకుని తిరిగే ఇంటర్ డిఫెండర్. జాన్‌స్టన్ పల్లీని గీత పక్కనుంచి మధ్యలోకి జరిపాడు, రెండో పల్లీ దాని వెనకాలే వెళ్లింది. గీత పక్క పేపరు ఖాళీ అయింది. మూడో పల్లీని, అంటే వెనక కుడివైపు కాపు కాసే ఫుల్‌బ్యాక్ క్రెయిగ్‌ను, వేలితో నెమ్మదిగా ఆ ఖాళీలోకి తోశాడు. నాలుగో పల్లీ ఎడమవైపు ఫుల్‌బ్యాక్ గెమ్మెల్. అదీ ముందుకు వచ్చింది.

63వ నిమిషంలో సమం చేసిన గోల్ అచ్చం ఆ పల్లీల లెక్కే. కుడి ఫుల్‌బ్యాక్ క్రెయిగ్ బంతి ఇచ్చాడు, ఎడమ ఫుల్‌బ్యాక్ గెమ్మెల్ బాక్సు బయటినుంచి పరిగెత్తుకొచ్చి కొట్టాడు. అడ్డు రావాల్సిన ఇంటర్ ఆటగాడు రెండడుగుల దూరంలో ఆగి వీపు తిప్పేశాడు. ఇంకొక్క అడుగు వేసి ఉంటే బంతి అతనికే తగిలేది. మేనేజర్ జాక్ స్టీన్ పెట్టిన నియమం ప్రకారం ఒక ఫుల్‌బ్యాక్ ముందుకు పోతే రెండోవాడు వెనక ఉండాలి. ఆ క్షణంలో ఇద్దరూ ముందే ఉన్నారు. ఏళ్ల తరబడి నేర్చుకున్న నియమాన్ని ఎప్పుడు దాటవచ్చో తెలిసినవాళ్లు చేసే పని అది.

సెల్టిక్‌ను 2-1తో గెలిపించిన 84వ నిమిషం గోల్ గురించి చాలాకాలం ఒక మాట నడిచింది. మర్డోక్ దూరంనుంచి కొట్టాడు, దారిలో చామర్స్ కాలికి తగిలి లోపలికి పోయింది, అదృష్టం అని. చామర్స్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. గీత దగ్గరనుంచి బంతిని వెనక్కి ఇవ్వడం, వెనకనుంచి వచ్చేవాడు గోల్‌కు అడ్డంగా బలంగా కొట్టడం, గోల్ ముందున్నవాడు పాదం పక్కభాగంతో దాని దారి మళ్లించడం: ఈ మూడు ముక్కల్నీ శిక్షణలో లెక్కలేనన్నిసార్లు చేశామని చెప్పేవాడు. ఇరవై ఏళ్ల వయసులో మెదడు పొరలకు క్షయ సోకి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి, బతికి బయటపడ్డ మనిషి అతను. ఆ గోల్‌ను అదృష్టం అనడానికి నాకు నోరు రాదు. మామ దాన్ని నాలుగుసార్లు తిప్పించుకుని చూసి, "గిది మట్టిల వుట్టిన గోల్ కాదురా. నేర్పితే వచ్చిన గోల్" అన్నాడు.

అదే మట్టి, అదే మనుషులు, ఏడేళ్ల ఎండ

మట్టి వాదానికి అన్నిటికన్నా పెద్ద దెబ్బ సెల్టిక్ సొంత చరిత్రలోనే ఉంది. 1957 అక్టోబరులో లీగ్ కప్ గెలిచాక 1965 ఏప్రిల్ దాకా ఆ క్లబ్బు ఒక్క పెద్ద టైటిల్ కూడా గెలవలేదు. ఆ కాలంలో మెక్‌నీల్ ఉన్నాడు. క్లార్క్, మర్డోక్, గెమ్మెల్, జాన్‌స్టన్, చామర్స్, లెన్నాక్స్ ఒక్కొక్కరుగా వచ్చి చేరారు. అంటే లిస్బన్‌లో ఆడినవాళ్లలో సగం మందికి పైగా అప్పటికే ఆ జెర్సీ వేసుకున్నారు. మట్టి మారలేదు, మనుషులూ మారలేదు. కానీ జట్టులో ఎవరుండాలో ఛైర్మన్ నిర్ణయించే రోజులవి. ఆటగాళ్లు చుట్టూ పరిగెత్తడమే శిక్షణ.

1965 మార్చిలో స్టీన్ వచ్చాడు. జట్టు ఎంపికలో ఇంకెవరూ వేలు పెట్టకూడదన్నాడు. ముందు వరసలో ఆడే మర్డోక్‌ను వెనక్కి తెచ్చి ఆటనంతా నడిపించే చోట పెట్టాడు. వింగర్‌గా తిరిగే ఆల్డ్‌ను మధ్యకు తెచ్చాడు. ఏప్రిల్‌లో స్కాటిష్ కప్ వచ్చేసింది. ఆ మరుసటి ఏడు మొదలుపెట్టి వరసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు గెలిచారు.

స్టీన్ లానార్క్‌షర్‌లో బొగ్గు గనిలో దిగి పనిచేసినవాడు. ఆటగాడిగా మరీ గొప్పవాడేం కాదు. అలాగని ఆయన్ను దేవుణ్ని చేయడమూ నాకు ఇష్టం లేదు. గోల్‌కీపర్ రోనీ సింప్సన్ సంగతే చూడండి. హిబర్నియన్‌కు మేనేజర్‌గా ఉన్నప్పుడు, ఇతని పని అయిపోయిందనుకుని స్టీనే సింప్సన్‌ను సెల్టిక్‌కు అమ్మేశాడు. తీరా తానూ సెల్టిక్‌కు వస్తే అక్కడ అదే సింప్సన్. లిస్బన్‌లో గోల్ ముందు నిలబడ్డ ఆ మనిషికి 36 ఏళ్లు. మ్యాచ్‌లో ఒకసారి బాక్సు వదిలి ముందుకొచ్చి, మీదికొస్తున్న ఇంటర్ ఆటగాణ్ని తప్పించి మడమతో బంతిని వెనక క్లార్క్‌కు అందించాడు. మామ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ సింప్సన్ టోపీ గోల్ వల వెనకాల ఉంది. అందులో ఆయన కట్టుడు పళ్లు, తోటి ఆటగాళ్ల కట్టుడు పళ్లు. మ్యాచ్ అయిపోగానే కప్పు ఫొటోల్లో నోరు బాగుండాలని ఆ టోపీ కోసం పరిగెత్తారు. ముప్పై దాటకుండానే పళ్లు ఊడిన కుర్రవాళ్లు అంతమంది ఉన్నారంటే అక్కడి బతుకు ఎలాంటిదో తెలుస్తుంది.

"బయటినుంచి ఒక్కణ్నీ కొనలేదు" అనే మాట కూడా నిలబడదు. సింప్సన్‌ను కొన్నారు. ఆల్డ్‌ను బర్మింగ్‌హామ్ సిటీ నుంచి వెనక్కి తెచ్చుకున్నారు. 1966 డిసెంబరులో హార్ట్స్ నుంచి వాలెస్‌ను కొన్నారు. గోల్స్ కొట్టే మెక్‌బ్రైడ్ మోకాలు దెబ్బతిన్న ఆ సీజన్‌లో వాలెస్ లేకపోతే సెమీఫైనల్ దాటేవాళ్లు కాదు. డుక్లా ప్రాగ్ మీద గ్లాస్గోలో 3-1తో గెలిస్తే అందులో రెండు అతనివే. వీళ్లంతా పుట్టింది ఆ చుట్టుపక్కలే కాబట్టి లెక్క సరిపోయింది, అంతే.

శత్రువు దగ్గర చదువు

నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకో సంగతి. 1963లో, డన్‌ఫర్మ్‌లిన్ అనే చిన్న క్లబ్బుకు మేనేజర్‌గా ఉన్నప్పుడు, స్టీన్ మిలాన్ వెళ్లాడు. ఎవరి దగ్గరికి? హెలెనియో హెరేరా దగ్గరికి. ఇంటర్ శిక్షణ ఎలా జరుగుతుందో కళ్లారా చూసి రావడానికి. నాలుగేళ్ల తర్వాత లిస్బన్‌లో ఎదురుగా నిలబడ్డది ఆ హెరేరాయే. ఎడమ ఫుల్‌బ్యాక్‌ను ముందుకు పంపి దాడి చేయించడం యూరప్‌కు అలవాటు చేసినవాళ్లలో హెరేరా ముఖ్యుడు, ఇంటర్‌లో ఫాకెట్టి చేసింది అదే. స్టీన్ దాన్ని రెండు వైపులా చేయించాడు. స్థానిక ప్రతిభ గెలుపు అంటున్నామే, దాని సగం పాఠం మిలాన్‌లో నేర్చుకున్నది.

"స్వచ్ఛమైన దాడి, పిరికి రక్షణను ఓడించింది" అని ఈ ఫైనల్‌ను చెప్పేవాళ్లూ ఉన్నారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పేవాణ్ని. కానీ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో, ప్రాగ్‌లో, స్టీన్ ఏం చేశాడు? చామర్స్ ఒక్కణ్నే ముందు వదిలి మిగతా అందరినీ వెనక్కి లాగి, ఆధిక్యాన్ని కాపాడుకుని 0-0తో బయటపడ్డాడు. ఇంటర్ ఆడే ఆట కన్నా అదేం అందంగా లేదు. ఇంకెప్పుడూ అలా ఆడించనని తర్వాత అన్నాడు. నాకు మాత్రం ఆ 0-0 మీద చిన్నచూపు లేదు. అది లేకపోతే లిస్బన్ లేదు.

మరి ఇంటర్? ఆ రోజు వాళ్లు పూర్తి బలంతో లేరన్నది నిజం. మధ్యలో ఆటను కట్టే లూయిస్ సువారెస్ గాయంతో లేడు. వింగర్ జైర్ లేడు. సెమీఫైనల్‌లో సోఫియా జట్టును దాటడానికి వాళ్లకు మూడు మ్యాచ్‌లు పట్టాయి. ఫైనల్‌కు ముందు హెరేరా ఆటగాళ్లను హోటల్లో బయటి గాలి సోకకుండా ఉంచాడు. నిద్రపట్టని రాత్రుల గురించి, వాంతుల గురించి డిఫెండర్ బుర్న్యిచ్ ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పాడు. చివరి నిమిషాల్లో కెప్టెన్ పిక్కి గోల్‌కీపర్‌తో ఇక వదిలెయ్, ఎలాగూ కొట్టేస్తారు అన్నాడని కూడా చెప్పాడు. సరిగ్గా వారానికి, జూన్ 1న మాంటోవాలో 1-0తో ఓడి లీగ్ టైటిల్ కూడా పోగొట్టుకున్నారు. ఆ జట్టు అప్పటికే లోపల విరిగి ఉంది.

సెల్టిక్ అభిమానులకు ఈ మాట రుచించదు. కానీ విరిగి ఉన్నదాన్ని విరిగిందని చూపించడానికి కూడా ఎవరో ఒకరు దానికి ఎదురు నిలబడి ఎనభై నిమిషాలు తోయాలి. ఏడో నిమిషంలో వెనకబడ్డాక, రెండుసార్లు బార్‌కు తగిలాక, చాలా జట్లు తల వంచుకుంటాయి. సెల్టిక్ తోయడం ఆపలేదు. అది నేర్చుకున్న ఓర్పు.

మరి ముప్పై మైళ్లకు అర్థం లేదా?

ఇక్కడే నాలో నాకు పేచీ వచ్చింది. స్టీనే అంతా చేశాడంటే, ఆయన్ను నార్వేలోనో ఐస్‌లాండ్‌లోనో పెట్టినా గెలిచేవాడా? లేదు. ఆ గీతలో ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటన్నదే ప్రశ్న.

ఆ ఏడాది అదే నేల మీద ఇంకేం జరిగిందో చూడండి. ఏప్రిల్ 15న వెంబ్లీలో స్కాట్లాండ్, ప్రపంచ ఛాంపియన్ ఇంగ్లండ్‌ను 3-2తో ఓడించింది. కిల్‌మార్నాక్ క్లబ్బు ఫెయిర్స్ కప్ అనే మరో యూరప్ పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లింది. లిస్బన్ ఫైనల్ అయిన ఆరు రోజులకు, అదే గ్లాస్గోకు చెందిన రేంజర్స్, నూరెంబర్గ్‌లో ఇంకో యూరప్ పోటీ కప్ విన్నర్స్ కప్ ఫైనల్ ఆడి అదనపు సమయంలో బయర్న్ మ్యూనిక్ చేతిలో 1-0తో ఓడింది. ఒకే నగరం, ఒకే వారం, రెండు యూరోపియన్ ఫైనల్స్. సెల్టిక్ కెప్టెన్ మెక్‌నీల్‌ది బెల్స్‌హిల్. మరుసటి ఏడు యూరోపియన్ కప్పును మాంచెస్టర్ యునైటెడ్‌కు గెలిపించిన మేనేజర్ మాట్ బస్బీదీ బెల్స్‌హిల్ పక్కనున్న ఆర్బిస్టన్ గని పల్లె.

ఇది మట్టి కాదు, దట్టం, అంటే ఆట అంత దట్టంగా అల్లుకుపోవడం. గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు, ఓడలు కట్టే యార్డులు. ప్రతి పల్లెకూ జట్టు, ప్రతి బడికీ జట్టు, ప్రతి చర్చికీ యువకుల సంఘం. శనివారం పూట పనికి సెలవిస్తే వేలమంది మైదానాల్లో. ఎవరు బాగా ఆడుతున్నాడో పక్క ఊరికి సాయంత్రానికే తెలిసిపోయేది. జాన్‌స్టన్ చిన్నప్పుడు పాల సీసాలు వరసగా పెట్టి వాటి మధ్యనుంచి బంతి తిప్పేవాడు. కాళ్లు గట్టిపడాలని గనిలో పనిచేసే తన తండ్రివి, బరువైన బూట్లు తాను వేసుకుని పరిగెత్తేవాడు. అతను బాగా ఎదిగాడు కాబట్టి కథ మనకు చేరింది. ఆ బూట్లేసుకుని పరిగెత్తి ఎక్కడికీ చేరని పిల్లలు వందలమంది ఉండి ఉంటారు. ఆ వందలమంది లేనిదే ఈ ఒక్కడు లేడు.

"మనవాళ్లు" అన్న మాటలోని ముల్లు కూడా ఆ నగరంలోనే ఉంది. సెల్టిక్ పుట్టింది ఐరిష్ క్యాథలిక్ పేదల పిల్లలకు తిండి పెట్టడానికి డబ్బు పోగుచేయాలని. రేంజర్స్ ఎన్నో దశాబ్దాలు క్యాథలిక్కులను తీసుకోలేదు. కాగితం మీద లేని ఆ కట్టుబాటు పగిలింది 1989లో. సెల్టిక్‌కు అలాంటి గోడ లేదు. స్టీన్ ప్రొటెస్టెంటు, సింప్సనూ గెమ్మెల్ వాలెస్‌లూ అంతే. మతం చూసి ఉంటే ఆ ముప్పై మైళ్లలో సగం మంది తలుపు బయటే ఉండేవారు, 63వ నిమిషంలో ఆ గోల్ కొట్టేవాడూ ఉండేవాడు కాదు. స్థానికత గురించి మాట్లాడేవాళ్లు ఎవర్ని స్థానికులుగా లెక్కేస్తున్నారో కూడా అడగాలి.

ఆ దట్టం పోయాక ఏమైందో కూడా తెలుసు. గనులు మూతపడ్డాయి. 1992లో రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. 1970లో మిలాన్‌లో ఫేయనూర్డ్ చేతిలో ఓడిన తర్వాత సెల్టిక్ మళ్లీ ఒక యూరోపియన్ ఫైనల్ చూడటానికి 2003 దాకా పట్టింది, అదీ రెండో స్థాయి పోటీ యూఈఎఫ్ఏ కప్పు. మట్టి ఎక్కడికీ పోలేదు కదా!

మామ వేళ్లు

మ్యాచ్ అయ్యాక లాప్‌టాప్ మూసేశాను. గ్రూపులో సందేశం పెట్టిన మిత్రుడు హైదరాబాద్‌ను తలచుకునే ఆ మాట రాశాడని నాకు తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన భారత జట్టులో అంతమంది మనవాళ్లు. అమ్ముగూడ బలరాం, పీటర్ తంగరాజ్. మనకూ ఒక ముప్పై మైళ్ల కథ ఉంది. దాన్ని చెప్పుకుని పొంగిపోవడం నాకూ ఇష్టమే. కానీ మనం చెప్పుకునేటప్పుడు కూడా "ఆ రోజుల్లో మన గాలిలో ఏదో ఉండేది" అంటాం. గాలిలో ఏముంటుంది? ఉన్నది రహీం సాబ్ అనే బడిపంతులు, ఆయన నేర్పిన ఆట. దాని చుట్టూ ఏముండేదో నేను సరిగ్గా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మామను అడిగాను.

ఆయన చేతివేళ్లు మడవడం మొదలుపెట్టాడు. రైల్వే వాళ్ల జట్టు ఒకటి. పోలీసులది. మిలిటరీ వాళ్లవి ఎన్నో, అందులో ఈఎంఈ వాళ్లది వేరే లెక్క. చర్చి స్కూలు పిల్లలది. పక్క బస్తీ జట్టు, దాన్నుంచి కొట్లాడి విడిపోయిన ఇంకో జట్టు. బేకరీ ఆయన జెర్సీలు కుట్టించిన జట్టు. వర్క్‌షాపు ఆదివారం జట్టు. తాను ఆడిన కాలనీ జట్టు. "గివన్నీ మా ఇంటికాణ్నుంచి నడిసిపోయే దూరమే. సైకిలుంటే ఇంకెన్నో." రెండు చేతులూ అయిపోయి మళ్లీ మొదటి బొటనవేలికి వచ్చాడు. కొన్ని పేర్లు గుర్తురాక ఆగాడు.

"నీ ఇంటికాడ ఎన్నున్నయ్?" అని అడిగాడు.

మా అపార్ట్‌మెంటుకు నడిచే దూరంలో గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫ్ ఒకటి ఉంది. చుట్టూ వల, రాత్రి పదకొండు దాకా లైట్లు. ఉద్యోగాలనుంచి వచ్చిన కుర్రవాళ్లు పదిమంది చందాలేసుకుని ఆడతారు. వల బయట వాచ్‌మన్ కొడుకు, తొమ్మిదేళ్లుంటాయి, నిలబడి చూస్తుంటాడు. బంతి వల దాటి వస్తే పరిగెత్తుకెళ్లి తెస్తాడు. చేత్తో తీసుకోడు, కాలితోనే తన్నుకుంటూ తెచ్చి గేటు దగ్గర ఆపి ఇస్తాడు. ఇచ్చేముందు ఒక్కసారి పాదంతో బంతిని వెనక్కి లాగి ముందుకు తిప్పుతాడు.

ఆ సంగతి మామకు చెప్పాను. ఆయన పల్లీలు పేపర్లో చుట్టి పక్కన పెట్టి, "ఎడమకాలా కుడికాలా?" అని అడిగాడు.